మారేడుమిల్లి యడవిలో మూడు రాత్రులు

మన యిండ్లలో స్త్రీ గడప దాటవలెనన్న ఒక కారణము చూపవలయును. కూతురి పురుడు, చెల్లెలి పెండ్లి, చుట్టముల పరామర్శ, తిరుపతియో కాశియో - ఇవి అందరును ఒప్పుకొను కారణములు. పుణ్యక్షేత్రమని చెప్పిన యెడల ఎంత దూరమైనను పోవచ్చును, ఆక్షేపించువారుండరు. "ఊరక చూచి వచ్చెదను" అను మాట మన నోట వచ్చెనా, ఇంటిల్లిపాదియు ఒకరి ముఖ మొకరు చూచుకొందురు. అందులోను ఒంటరిగా! అందులోను అడవికి! ఈ మాటలన్నియు ఒక్కసారిగా చెప్పుటచే మా యింట రెండు దినములు భోజనములు సరిగా సాగలేదు.

మాది బాపట్ల సమీపమునగల కర్లపాలెము. ఇసుక నేల, వేరుసెనగ చేలు, పల్లమున వరిపొలములు, కొంత దూరమున సముద్రము. ఎటు చూచినను బల్లపరుపుగా నుండు ఈ సీమలో కొండ యన్నది కంటికి కానరాదు. చెట్లు లేవని కాదు. సరుగుడు తోటలు కావలసినన్ని కలవు. కాని అవి నరికి యమ్ముకొనుటకు వరుసలు తీర్చి నాటినవి. ఎవరును నాటని చెట్ల నడుమ ఒక్క రాత్రి యైనను నిదురింపవలెనని నాకు చిన్ననాటి నుండియు కోరిక. నలుబది తొమ్మిదవ యేట అది తీరెను.

మారేడుమిల్లి పేరు మన పత్రికల చదువరులకు కొత్త కాదు. 2021లో వచ్చిన 'పుష్ప' చలనచిత్రమున కథ శేషాచలము కొండలలో జరిగినట్లు చెప్పినను, తెరపై మనము చూచిన అడవిలో చాల భాగము మారేడుమిల్లిదే. రాజమహేంద్రవరమునకు ఉత్తరముగా సుమారు ఎనుబది యైదు కిలోమీటర్ల దూరమున, తూర్పు కనుమలలో, చింతూరు మీదుగా భద్రాచలము పోవు మార్గముపై ఈ గ్రామమున్నది. చుట్టును వెదురు, మద్ది, వేగిస, ఇప్ప, చింత, పనస. అక్కడ అటవీశాఖవారివియు, ప్రైవేటువారివియు, చిన్నవియు పెద్దవియు నగు విడిదులు అనేకములు వెలసినవి. వానిలో మిక్కిలి చౌకయైనదానిని నేను ఫోనుపై విచారించి ఏర్పరచుకొంటిని. రవికలు కుట్టి కూడబెట్టిన సొమ్ములో నాలుగు వేల రూపాయలు ఈ ప్రయాణమునకని వేరుగా ముడివేసి యుంచితిని. అంతకు మించి ఒక్క కాసైనను ఖర్చు చేయరాదని నా నియమము.

మా అత్తగారి ప్రశ్న యొక్కటే: "అడవికి ఏం పనిబెట్టుకుని పోతావే అమ్మాయ్? తోడెవరు?" మావారి యభ్యంతరములు మూడు. మొదటిది మన్యపు జ్వరము. రెండవది, 2025 నవంబరులో మారేడుమిల్లి యడవులలో పోలీసులకును మావోయిస్టులకును జరిగిన కాల్పుల వార్త. మూడవది, జంతువులు. ఇవి వట్టి పిరికిమాటలని నేనెన్నడును అనుకొనలేదు. ఇంటివారి భయమునకు సమాధానము ధైర్యవచనములు కావు, వివరములు. విడిదివారి ఫోను సంఖ్య, వంటచేయు స్త్రీ రాత్రి యచ్చటనే ఉండునా లేదా యను విషయము, బస్సుల వేళలు, ఊరిలో వైద్యశాల యెంత దూరము, అడవి లోపలికి పోక రాదారికి దగ్గరగానే ఉండెదనను మాట - ఇవన్నియు ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటించి బయలుదేరితిని. ఆ కాగితమును మా అత్తగారు దినమునకు రెండు మారులు చదివించుకొనెనట.

మాఘమాసమున ఒక వేకువను బాపట్లలో రైలెక్కితిని. తెనాలి, విజయవాడ, ఏలూరు దాటి మధ్యాహ్నమునకు గోదావరిపైకి వచ్చితిమి. 1997లో పనినుండి విరమించిన పాత హేవలాకు వంతెన ప్రక్కన నిలిచియుండగా, మా బండి కొత్త వంతెనపై మెల్లగా సాగెను. పెట్టెలోని స్త్రీలందరును కిటికీల చెంతకు జేరి నదిలోనికి నాణెములు విసరిరి. నేనును విసరితిని. నా నాలుగు వేలలో మొదటి వ్యర్థవ్యయము అదియే!

ఆ రాత్రి రాజమహేంద్రవరమున బంధువుల యింట నుండి, మరునాటి ఉదయము బస్సెక్కితిని. ఇచ్చట నొక మాట చెప్పవలయును. 2025 ఆగస్టు 15వ తేదీనుండి మన రాష్ట్రమున 'స్త్రీశక్తి' పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు మొదలగు బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు. ఆధారు కార్డు చూపగా కండక్టరు సున్న రూపాయల టిక్కెట్టు కొట్టి యిచ్చును. ఆ చీటిని నేను పారవేయక దాచుకొంటిని. భర్తనో కుమారునో చేయిచాచి యడుగనక్కర లేకుండ ఒక స్త్రీ ఎనుబది కిలోమీటర్లు పోగలుగుట చిన్న విషయము కాదు. బస్సులో నా ప్రక్కన కూర్చున్న గోకవరపు ముసలమ్మ చెల్లెలిని చూచుటకు పోవుచుండెను. ఆరేండ్లుగా చూడలేదట. ఛార్జీలు పోయిన పిదప ఇది నాలుగవసారియట.

కోరుకొండ, గోకవరము దాటువరకును పొలములే. పిమ్మట నేల మెల్లగా లేచి, బాట మెలికలు తిరిగి, రంపచోడవరము వచ్చెను. ఈ సీమ చరిత్ర మనము పాఠ్యపుస్తకములలో చదివినదే గాని, ఆ బాటపై పోవునప్పుడు దాని యర్థము వేరుగా తోచును. 1879లో ఇచ్చటి కొండవారు తిరుగబడుటకు ముఖ్యకారణములలో నొకటి చెట్టునుండి గీచుకొను కల్లుపై విధించిన పన్ను. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట వీరు నడచుటకు కారణములు, పోడు కొట్టుకొననీయని అటవీనిబంధనలును, కనుమలలో బాటలు వేయుటకు కూలియైన సరిగా ఈయక చేయించిన వెట్టియును. ఆ యేడు ఆగస్టు 22వ తేదీన చింతపల్లి పోలీసు ఠాణాతో మొదలైన దాడి అక్టోబరునాటికి రంపచోడవరమునకు వచ్చినది. 1924 మే 7వ తేదీన రాజు కాల్చి చంపబడెను. అడవిలోని బాట యనగా పట్టణవాసులకు వినోదము. ఆ కొండలలో తొలిబాటలు ఎవరి వీపులపై నడచినవో తెలిసినవారికి మాత్రము కిటికీలోనుండి చూచు చూపు కొంచెము మారును.

విడిది రాదారినుండి పది నిమిషముల నడక. మట్టిరంగు గోడలు, పెంకుల కప్పు, వెదురు దడి. నా గది యనగా ఒక మంచము, ఒక కుర్చీ, ఒక కిటికీ, దోమతెర. స్నానమునకు వేడినీరు కట్టెలపొయ్యిపై కాచి బకెట్టుతో తెచ్చి యిచ్చెదరు. శుభ్రముగా నున్నది. అంతకంటె కోరదగినది ఆ వెలకు లేదు. వంట, చిమ్ముట, లెక్క చూచుట - మూడును స్త్రీలే. అందు వంటచేయునామె కొండరెడ్డి కులస్థురాలు, నలుబది యేండ్లది. గదిలో సంచి పెట్టగానే ఆమె అడిగిన మొదటి మాట: "అమ్మా, మీతో ఇంకెవరూ రాలేదా?" రాలేదంటిని. "అయితే రాత్రికి నేను వరండాలోనే పడుకుంటాలెండి" అని వెడలిపోయెను. ఆ మాట మా యింటి గోడపైని కాగితమున వ్రాసిన వివరములన్నిటికంటె నాకు బలమిచ్చెను.

ఈ విడిదుల వెనుక కొంత కథ కలదు. 1992 నుండి మన రాష్ట్రమున అడవులను కాపాడుటలో గ్రామస్థులకు భాగమిచ్చుచు వనసంరక్షణ సమితులు ఏర్పడినవి. మారేడుమిల్లిలో వాలమూరు, సోమిరెడ్డిపాలెము, వాల్మీకిపేట సమితులవారు అటవీశాఖ తోడ్పాటుతో యాత్రికుల వసతిగృహములు నడపుట అట్లు మొదలైనది. వచ్చిన సొమ్ములో కొంత యూరికి చెందవలెనని వారి యేర్పాటు. తరువాత ప్రైవేటువారును వచ్చిరి. గదికి వేలకొలది తీసికొను విడిదులలో కొండవారు తోటమాలులుగాను వంటవారుగాను మాత్రమే యున్న సంగతి కంటికి కనబడుచునే యున్నది. యాత్రికురాలు ఎచ్చట దిగవలెనో ఏర్పరచుకొనునప్పుడు, ఆ సొమ్ము ఎవరి వంటింటికి చేరునని విచారించుట తప్పు కాదు.

మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. అడవి నిశ్శబ్దముగా నుండునని మనము పుస్తకములలో చదువుదుము. అది అసత్యము. కీచురాళ్ళు చెవులు గింగురుమనునట్లు కూయును. క్రిందను వాగు ఎడతెగక మ్రోయుచుండును. వెదురుపొదలలో గాలి దూరినప్పుడు ఎవరో తలుపు తోసినట్లు కిఱ్ఱుమని చప్పుడగును. ఏదియో కాయ రేకుపై పడెను. నేను లేచి కూర్చుంటిని. వరండాలోనుండి ఆమె, "పనసపిందె అమ్మా" అని నిద్రలోనే పలికినట్లు పలికి మరల పడుకొనెను. రెండవ రాత్రి నేనును కదలలేదు.

దోమతెర గురించి రెండు మాటలు. మన్యపు జ్వరమును పూర్వులు కొండగాలి వలన, కొండనీటి వలన వచ్చునని యనుకొనిరి. అది దోమవలన వ్యాపించునను రహస్యమునకు ఆధారము 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులోనే దొరికినది. రొనాల్డు రాసు అను వైద్యుడు దోమ కడుపులో ఆ క్రిమిని కనుగొనెను. మా బాపట్ల మురుగుకాలువల దోమ వేరు, ఈ కొండదోమ వేరు. తేటగా మెల్లగా పారు సెలయేటి యంచులలో ఇది పెరుగును. కావున నీరు స్వచ్ఛముగా నున్నది కదా యని యేమరరాదు. చీకటి పడకముందే పొడుగుచేతుల రవిక తొడిగి, తెర యంచులను పరుపు క్రిందికి దోపుకొనవలయును. ఇల్లు చేరిన పిదప రెండు మూడు వారములలోపల చలితో జ్వరము వచ్చెనా, మన్యమునకు పోయివచ్చితినని వైద్యునితో మొదట చెప్పి రక్తపరీక్ష చేయించుకొనవలయును. నాకు రాలేదు.

మరునాడు ఆ యూరి పడుచొకతెను వెంటబెట్టుకొని జలతరంగిణి జలపాతమునకు పోయితిని. ఆమె యడిగిన కూలి యిచ్చితిని, ఇందు బేరమాడరాదు. రాళ్ళపై నీరు పలుచని తెరలుగా జారుచు చూచుటకు సాధువుగా నుండును. దిగి ఆడుకొనవలెనని ఎవరికైనను అనిపించును. 2024 సెప్టెంబరులో ఏలూరునుండి విహారమునకు వచ్చిన వైద్యవిద్యార్థులు ముగ్గురు ఇచ్చటనే హఠాత్తుగా పొంగిన ప్రవాహమున కొట్టుకొనిపోయి మరణించిరి. పైని కొండలలో వాన కురిసినచో క్రిందనున్నవారికి తెలియదు; ఆకాశము నిర్మలముగానే యుండును, నీరు మాత్రము వచ్చిపడును. నా తోడు వచ్చిన పిల్ల మడమలు తడియువరకే నన్ను దిగనిచ్చెను. వానకాలమున ఆమె అంతమాత్రమును దిగనీయదట. పిల్లలతో పోవు తల్లులు ఈ యొక్క మాటను మరువరాదు. జంతువుల భయమున్నచో ఆ పిల్ల నవ్వెను. మూడు దినములలో నాకు కనబడిన వన్యమృగములలో పెద్దది ఒక పెద్ద చెట్టుడుత. అది పిల్లియంత యున్నది, తోక అంతకంటె పొడవు.

త్రోవలో ఆమె చెట్లు చూపుచు వచ్చెను. 'జీలుగు' అన్నప్పుడు నేను నేలవైపు చూచితిని. మా వైపున జీలుగ యనగా పచ్చిరొట్ట యెరువునకు పొలమున చల్లు పైరు కదా! ఆమె పైకి చూపెను. వీరి జీలుగు తాటి జాతి చెట్టు. చేపతోకవంటి యాకులు, జడలవలె వ్రేలాడు గెలలు. దీని కల్లు వీరి ఇష్టపానీయము. కరవునాట దీని మానులోని పిండియే ఆహారము. ఈ చెట్లపైననే ఆనాడు పన్ను వేసినది. ఇక అడ్డతీగ: పెద్దచెట్లను పెనవేసికొని పోవు ఈ తీగయాకులు అరచేతికంటె వెడల్పు. వీనిని సన్నని పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేయుదురు. మన పెండ్లిండ్లలో భోజనము చేసి మడిచి పారవేయు విస్తరి ఎవరో యొక స్త్రీ కొండలెక్కి కోసి, మోసి, కుట్టినదియే కావచ్చును. ఆ ఋతువున కొండచీపురు కోతయు, చింతపండు రాల్చుటయు సాగుచున్నవి. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ ఈ సరకులను కొనును. దళారులును కొందురు. ఎవరు ఎంత ఇచ్చెదరను మాట ప్రతి యింటి గుమ్మమునను వినబడుచునే యున్నది.

బొంగుకోడి గురించి వ్రాయనిచో మన చదువరులు నన్ను క్షమింపరు. పచ్చి వెదురుబొంగును ఒక కణుపు మూసియుండునట్లు నరికి, ఉప్పు, కారము, పసుపు, అల్లము, వెల్లుల్లి పట్టించిన కోడిమాంసమును అందు కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పులపై త్రిప్పుచు కాల్చెదరు. నూనె చుక్కయు, నీటి చుక్కయు పోయరు. వెదురులోని తేమయే చాలును. బొంగు పైన నల్లబడినప్పుడు లోపల ఉడికినట్లు. మరీ లేత బొంగైనచో పగులును, ఎండినదైనచో మండిపోవును, మధ్యస్థమైనది కావలయును. మాంసము మెత్తగా నుండి వెదురు వాసన కొంచెము తగులును. రుచి బాగున్నది గాని రాదారి ప్రక్కన అమ్మునది వట్టి కారము. విడిదిలో ఆమె చేసినదియే మేలు. అయినను ఇది యాత్రికుల వంటకము. ఆమె యింట దినమును కాచుకొనునది చోళ్ళ అంబలి. మేము రాగులనునవి వారికి చోళ్ళు. మూడవనాటి ఉదయము నేను అడిగి ఆ యంబలియే త్రాగితిని, కందిపచ్చడితో. దానికి సొమ్ము పుచ్చుకొనలేదు.

కొండరెడ్లు మనవలెనే తెలుగే మాట్లాడుదురు. భాష తెలియనిచోట ఒంటరితనము ఇబ్బడియగును. ఇచ్చట నాకు ఆ బాధ లేకపోయెను. వీరినిగూర్చి హైమెండార్ఫు అను పరిశోధకుడు 1945లో ఆంగ్లమున ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. గోదావరి నొరసికొనియున్న పాపికొండలకు ఆంగ్లేయులు అడవిదున్నల పేరు పెట్టగా, ఆయన ఆ పేరుతోనే వీరిని పిలిచెను. 2008లో పాపికొండలు జాతీయవనముగా ప్రకటింపబడినవి. వీరు కొత్త మామిడికాయను పండుగ చేసి దేవతకు పెట్టక మునుపు నోట పెట్టరు. ఉగాదినాటి వేపపువ్వుపచ్చడి తినువారికి ఇది వింతగా తోచనక్కరలేదు. వాలమూరు వద్ద ఒక బయలును చూపి వాలిసుగ్రీవులు పోరాడినది ఇచ్చటనే యని చెప్పుదురు. రామాయణమునకు మన తెలుగు కొండలలో ఎన్ని యడుగుజాడలు! లెక్కింప నెవరి తరము?

నాకు కష్టము కలిగించినది ఒక్కటి యున్నది. జలపాతముల దారిలో, వాగు రాళ్ళ సందున, ప్లాస్టికు సీసాలు, చిప్సు పొట్లములు, పగిలిన మద్యపు సీసాలు. ఉదయముననే స్త్రీలు సంచులు పట్టుకొని యేరుచుందురు. చెప్పులు లేని కాళ్ళతో ఆ వాగులో దిగు పిల్లలు వీరివారే. మన యింటి వాకిట ఎవరైన నట్లు పారవేసిన యెడల ఊరకుందుమా?

ఖర్చులు అడుగువారి కొరకు: మూడు రాత్రుల గది, భోజనములు, తోడు వచ్చిన పిల్ల కూలి, రాకపోకల రైలు, ఆటో, ఒక సేరు చింతపండు, రెండు కొండచీపుళ్ళు - అన్నియు పోగా నా ముడిలో ఆరు వందల రూపాయలు మిగిలినవి. శని ఆది వారములలో గదుల వెల హెచ్చును, గోల హెచ్చును. ఒంటరిగా పోవువారు వారము నడుమ పోవుట మేలు. చీకటి పడిన పిదప చేరునట్లు ప్రయాణము పెట్టుకొనరాదు. ఊరు దాటినచో చరవాణి పలుకదు. కావున ఇంటికి ఏ వేళ మాట్లాడెదరో ముందే నిశ్చయించుకొని, ఆ వేళకు ఊరిలోనికి వచ్చి మాట్లాడవలెను.

కడపటి రాత్రి భోజనమైన పిదప వంటచేయునామె నా గదిగుమ్మమున కూర్చుండెను. మా యూరివద్ద సముద్రమున్నదని అప్పటికే చెప్పియుంటిని. దానిని ఫోనులో చూచినదట, కన్నులతో చూడలేదట. "రాత్రిళ్ళు కూడా అలా చప్పుడు చేస్తూనే ఉంటుందా? మరి నిద్దరెలా పడుతుందమ్మా మీకు?" అని యడిగెను. ఆ చప్పుడు మాకు వినబడదని, మీకీ వాగు వినబడనట్లేనని చెప్పితిని. కొంతసేపు వాగు విని, "అవును" అనెను. పిమ్మట బస్సు ఎక్కడిదాక ఊరకనే పోవునో, రైలుకెంతయో, సూర్యలంక తీరమున ఆడది ఒంటరిగా దిగవచ్చునో, గది వెల యెంతయో ఒక్కొక్కటిగా అడిగెను. సూర్యలంకలో గది వద్దు, కర్లపాలెమున మా యింటనే దిగుమంటిని. "మావాళ్ళూ తోడెవరనే అడుగుతారు" అని నవ్వెను. ఏ నెలలో రావలెనని మరల అడిగెను. కార్తికమున జనసమ్మర్దము, తుపానుల భయమును హెచ్చు. అది దాటిన పిదప రమ్మంటిని. చింతపండు కొట్టుట కావలెను, ఆపైన ఇప్పపూల పని, తరువాత వానలు అని వ్రేళ్ళు మడిచి లెక్క చూచుకొని, సంక్రాంతి తరువాత వచ్చెదననెను. నా వద్దనున్న కాగితమునకు వెనుకప్రక్కన బస్సుల వేళలును, రైలు పేరును, మా యింటి ఫోను సంఖ్యయు పెద్దయక్షరములతో వ్రాసి యిచ్చితిని. ఆమె దానిని నాలుగు మడతలు పెట్టి ఉప్పుడబ్బా వెనుక దాచెను.